అక్కుపల్లి దారిలో పనసభారోద్వహనం

ఆలకించండి, ఫ్యాను కింద కాళ్ళు చాపుకుని చల్లగా కూర్చున్న సుజనులారా!

ప్రచండభానుని కిరణశరపరంపరకు తారురోడ్డు సైతం కరిగి బాటసారి చెప్పులను పట్టుకుని వదలని మే మాసంలో, రెండువేల రెండవ సంవత్సరాన, ఒకానొక శనివారం, తూరుపు దిక్కు ఇంకా ఎరుపెక్కక ముందే, మహేంద్రగిరి నీడల నుంచి సముద్రపు నురగల దాకా పరుచుకున్న సిక్కోలు సీమలో, కచేరీలకూ కాలేజీలకూ వరిమళ్ళకూ నెలవైన టెక్కలి పట్టణంలో, ఇద్దరు మహావీరులు రెండు సైకిళ్ళను గడప దింపి వీధిలో నిలిపారు. ఒకరు మామగారు. రెండవవారు కొత్త అల్లుడుగారు. ఒక్క ఆయుధమైనా ఎత్తకుండా, ఒక్క రక్తబిందువైనా చిందకుండా, నలభై కిలోమీటర్ల పైచిలుకు పొడవున ఆ దినం వారి నడుమ సాగిన మర్యాదా మహాసంగ్రామమే ఈ గాథ.

మామగారి నామధేయం సత్యానందం. యాభై ఆరేళ్ళ వయసు, ముప్ఫై మూడేళ్ళ సర్వీసు, అరిగిపోయిన రెండు మోకాళ్ళు, ఒక పచ్చరంగు సైకిలు, ఇదీ ఆయన చతురంగబలం. సముద్రం పక్క తోటల సీమ అయిన ఉద్దానపు ఇసుక దారుల్లో ఆయన చక్రపు గీత పడని ఊరు లేదు. ఏ ఊరికి వెళ్ళినా, ఆయన దగ్గర ఎక్కాలు నేర్చుకుని, ఆయన చేత చెవులు మెలిపెట్టించుకుని పెద్దవాళ్ళయినవారు ఇద్దరైనా ఎదురొస్తారు. బాప్టిస్టు సంఘంలో పెద్ద. ఆవేశం వస్తే చాలు, వాచకంలోని పాఠంలాంటి భాషలోకి దిగిపోయే ఎలిమెంటరీ బడి మేష్టారు.

అల్లుడుగారు ఫిన్నీ. ఇరవై ఏడేళ్ళవాడు. కోటబొమ్మాళి వాస్తవ్యుడు. టెక్కలిలో ఒక ఆఫీసులో కంప్యూటరు ముందు కూర్చునే ఉద్యోగం, తెల్లటి చొక్కా, పలచటి మీసం. గడచిన ఫిబ్రవరిలో సత్యానందంగారి ఏకైక పుత్రిక షాలినిని పెళ్ళాడి, ఆ క్షణం నుంచి ఘోరమైన చెరలో పడ్డాడు. ఆ చెర పేరు మర్యాద.

ఆ చెరసాలకు ఇనుప ఊచలు లేవు, ఒక ప్లాస్టిక్ కుర్చీ ఉంది. ప్రతి ఆదివారం ఆరాధన కాగానే అత్తవారింటికి భోజనానికి వచ్చిన అల్లుడుగారు అందులో కూర్చోవాలి. మంచినీళ్ళకని లేస్తే ముగ్గురు పరుగెత్తుకొస్తారు. తిన్న కంచం ఎత్తబోతే అత్తగారు లిల్లీ గుండె పట్టుకుంటుంది. ఏప్రిల్‌లో ఓ ఆదివారం గ్యాసు బండ వస్తే, మామగారు అరిగిన మోకాళ్ళతో దాన్ని కౌగిలించుకుని, అడుగడుగుకీ "ప్రభువా, ప్రభువా" అంటూ లోపలికి మోస్తుండగా, బండను అందుకోబోయిన అల్లుడి చేతికి అత్తగారు పేపరు ఇచ్చి, "మీరు సదువుకోండి బాబూ" అంది. ఆ రోజు పేపర్లో ఏం రాశారో ఫిన్నీకి తెలియదు. అక్షరాలన్నీ ఎర్రటి గ్యాసు బండలై కనిపించాయి.

అప్పుడే ఆ యువకుని హృదయకుహరంలో ఒక ఘోరప్రతిజ్ఞ ఘీంకరించింది: "ఈ ఇంటి బరువు ఒక్కటైనా, పదిమందీ చూస్తుండగా, ఈ బాహువులతో మోసి తీరుతాను. మోయలేనినాడు నేను ఈ ఇంటికి మనిషిని కాను, ముందు గదిలో వేసిన సామానును!"

పైకి మాత్రం, "ఎండలు మండిపోతన్నాయండి," అన్నాడు.

ఇక దండయాత్రకు కారణం వినండి. సత్యానందానికి అక్కుపల్లిలో ఒక అక్కగారుంది. పేరు విజయమ్మ, వయసు డెబ్బై. షాలిని పెళ్ళినాటికి కాలు విరిగి మంచంలో ఉండిపోయింది. వేసవి సెలవులు ఇచ్చిన దగ్గర్నుంచి ఆమె దగ్గర నుంచి వర్తమానం మీద వర్తమానం వస్తోంది. "అల్లుణ్ణి తెచ్చి సూపిత్తావా, ఫొటో సూసుకుని మురిసిపొమ్మంతావా?"

ఇంట్లో మంత్రాలోచన జరిగింది.

"బస్సుకెల్లండి," అంది లిల్లీ.

"పలాసలో దిగి అక్కుపల్లి బస్సెక్కాల. ఆ బస్సులో ఏనాడైనా సీటు దొరికిందేటే? కొత్తల్లుణ్ణి మొదటిసారి మా అక్క కాడికి తీసుకెల్తా, కడ్డీ పట్టించి నిలబెడతానేటి?"

"పోనీ ఆటో."

"ఆటోలో మనిసి ఒళ్ళో మనిసి. అల్లుడుగారు ఎవరి ఒళ్ళో కూకుంతారు?"

"మరేటి సేత్తారు?"

మేష్టారి భృకుటి ముడిపడింది. ముప్ఫై మూడేళ్ళుగా వందలాదిమంది పిల్లల చేత లెక్కలు చేయించిన ఆ మేధస్సు రెండు నిమిషాలు నిశ్శబ్దంగా గిర్రున తిరిగి, ఒక సమాధానాన్ని బయటికి విసిరింది.

"సైకిలు. సైకిలు మీద ఎవరి సీటు ఆలకుంతాది."

బస్సులో గంటసేపు నిలబెట్టడం మర్యాదకు భంగమనీ, నడి వేసవిలో నలభై కిలోమీటర్లు తొక్కించడం భంగం కాదనీ తేల్చిన ఆ తర్కాన్ని ఖండించగల పండితులు ఆ ఇంట్లో లేరు. లిల్లీ దారికి నీళ్ళ సీసా వెతకడానికి వెళ్ళింది. షాలిని మాత్రం తలుపు చాటున భర్త చొక్కా కాలరు సర్ది, "దారిలో ఎవరు ఎవర్ని మోసుకెల్తారో మరి," అని నవ్వింది. మోయడం అన్న మాట చెవిన పడగానే ఫిన్నీ నరనరానా రక్తం ఉప్పొంగింది.

ప్రయాణానికి ముందు లిల్లీ ప్రార్థన చేసింది. మేష్టారు తన పచ్చసైకిలు, ముప్ఫై మూడేళ్ళలో ఎవరికీ అరువివ్వని ఆ ఆప్తవాహనం, అల్లుడికిచ్చారు. దాని సీటుకు స్పాంజి కవరు తొడిగించారు. గాలి కొట్టించారు. చైనుకు నూనె పెట్టించారు. తనకు మాత్రం పక్కింటి పోలారావు సైకిలు అడిగి తెచ్చుకున్నారు. దాని సీటు, సృష్ట్యాదిలో చల్లారిన శిలాఖండంలా, ఏ మానవునికీ లొంగకుండా ఉంది.

"మీరు ముందు నడవండి అల్లుడుగారూ," అన్నారు మేష్టారు వీధి మొగలో.

"అయ్యో, మీరు పెద్దోరు. మీరు ముందండి."

"బాగుండదు. మీరే."

"నాకు దారి తెలీదండి మావయ్యా."

"ఎనకాల్నుంచి నాను సెప్తాను కదా."

ఇట్లు, దారి తెలియనివాడు ముందు, తెలిసినవాడు వెనుక, ఆ ద్వయం జాతీయ రహదారిని ఆక్రమించింది. తెల్లవారింది. ఇనుప మదగజాల వంటి లారీలు ఘోషిస్తూ, నల్లటి పొగ కక్కుతూ, చక్రాల కింద నుంచి ధూళిమేఘాలను లేపుతూ దూసుకుపోతుంటే, మామగారు వెనుక నుంచి "ఎడంపక్కకండీ! ఇంకా ఎడంపక్కకండీ!" అని హెచ్చరిస్తూ వచ్చారు. అల్లుడుగారు విధేయంగా ఇంకా ఎడమకు జరిగి రెండుసార్లు తుప్పల్లోకి వెళ్ళి వచ్చారు.

ఆ దారిలో మరో భీకరయుద్ధం నిశ్శబ్దంగా జరిగింది. పది కిలోమీటర్లు దాటేసరికి ఇద్దరికీ దాహం వేసింది. పన్నెండు దాటేసరికి ఇద్దరి నడుములూ నిష్ఠురమాడాయి. ఆగుదామని అల్లుడు అంటే, కుర్రాడై ఉండి అలసిపోయాడంటారు. మామగారంటే, ముసలాడైపోయాడంటారు. ప్రతి చెట్టునీడనూ ఇద్దరూ ఆశగా చూశారు, ప్రతి చెట్టునీడనూ ఇద్దరూ దాటేశారు.

"ఆయాసంగా ఉందేటండి?" మేష్టారు ఆశతో అడిగారు.

"అబ్బే, లేదండి. మీకేటైనా..."

"నాకేటి? ఈ దారి నాకు నిద్దట్లో కూడా లెక్క లేదు."

ఇద్దరూ ఇంకో చెట్టునీడను దాటేశారు.

కాశీబుగ్గ చేరేసరికి ఎనిమిది దాటింది. అక్కడ మేష్టారి పినతండ్రి కొడుకు క్రాంతికుమార్, జీడిపప్పు ఫ్యాక్టరీలో మేస్త్రీ, వీధిలోనే కాపు కాసి ఇద్దరినీ పట్టుకున్నాడు. ఇడ్లీలు పెట్టాడు. టీ పెట్టించాడు. టీ చేతికి అందే ముందు ప్రయాణికుల కోసం ప్రార్థన మొదలుపెట్టి, రోడ్డు మీది లారీలను, లారీ డ్రైవర్లను, సైకిలు టైర్లను, ట్యూబులను, వాల్వులను, బ్రేకులను వేరువేరుగా దేవుని చేతికి అప్పగించాడు. అతడు ఆమెన్ అనేసరికి టీ మీద మందపాటి మీగడ కట్టింది.

లేవబోతుంటే రెండు కిలోల జీడిపప్పు డబ్బా పట్టుకొచ్చాడు.

"ఇప్పుడెందుకురా," అన్నారు మేష్టారు.

"కొత్తల్లుడు మొదటిసారి గుమ్మం తొక్కితే ఉత్తి సేతుల్తో పంపుతారేటి అన్నియ్యా! ఊళ్ళో తలెత్తుకోవద్దా నాను?"

ఫిన్నీ కళ్ళు మెరిశాయి. బరువు! ఇంటి బరువు! వీరుడు రెండు చేతులూ చాచాడు. క్రాంతికుమార్ నిప్పును తాకబోయిన పసివాణ్ణి లాగినట్టు డబ్బాను వెనక్కి లాక్కున్నాడు.

"మీకెందుకండి బాబూ! అన్నియ్యా, నువ్వు కట్టు నీ కేరీరుకి."

మొదటి పోరులో అల్లుడికి పరాజయం.

కాశీబుగ్గ దాటి తూర్పుకు తిరగగానే ఉద్దానం ప్రారంభమైంది. రెండు పక్కలా జీడితోటలు, వాటి వెనక కొబ్బరితోటలు, ఆకుల సందుల నుంచి పసుపూ ఎరుపూ పండ్ల వాసన. దారి పక్కన జీడిపిక్కలు ఏరుకుంటున్న ముసలమ్మ అనే వృద్ధురాలు చెయ్యి అడ్డం పెట్టి చూసి కేకేసింది.

"మేస్టారా! మా మనవడికి ఎక్కాలు సెప్పిన మేస్టారేనా? ఎవులా కుర్రోడు?"

"మా అల్లుడుగారే."

"ఓలమ్మ! ఎంత సన్నగున్నాడు బావూ! నీ కూతురు తిండెట్టడం లేదేటి?"

మేష్టారి ముఖం జేవురించింది. ముసలమ్మ ఇద్దరినీ ఇంటికి లాక్కెళ్ళి ముంత నిండా మజ్జిగ పోసి, రెండు కాళ్ళూ కట్టిన ఒక కోడిపుంజును తెచ్చి మేష్టారి హేండిలుకు వేలాడగట్టింది. ఫిన్నీ చెయ్యి చాచాడు. "నీకేటి బావూ పని, నువ్వు ఎల్లు ముందు," అంది. అప్పటి నుంచి తలకిందులుగా లోకాన్ని దర్శిస్తున్న ఆ కుక్కుటరాజం ప్రతి గోతికీ ఒక ఆర్తనాదం చేస్తూ వచ్చింది. ముందు, ఖాళీ కేరియరుతో, స్పాంజి సీటు మీద, తెల్లచొక్కా అల్లుడు. వెనుక, డబ్బా మోతతో, పుంజు ఘోషతో, రాతిసీటు మీద మామ. ఎదురొచ్చినవాళ్ళంతా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు. ఫిన్నీకి ఆ చూపులు ఒక్కొక్కటీ ఒక్కొక్క ఈటె.

వజ్రపుకొత్తూరు ఇవతల, రోడ్డు వదిలి అడ్డదారిన వెళితే తిరుపతిరావు తోట. మేష్టారూ ఆయనా ఒకే బల్ల మీద చదువుకున్న బాల్యమిత్రులు. కొబ్బరి నీడలో ఇద్దరికీ రెండేసి బొండాలు కొట్టించాడు. భార్య మహాలక్ష్మి అన్నం పెడతానంటే, అక్కుపల్లిలో అక్క ఎదురుచూస్తుందని బతిమాలి తప్పించుకున్నారు. అన్నం తప్పింది గానీ అంతకన్నా పెద్దది ముంచుకొచ్చింది. తిరుపతిరావు ముందుగా డజను కొబ్బరికాయల్ని, రెండేసి చొప్పున పీచు చీల్చి ముడేసి, మేష్టారి సైకిలు మధ్యబారుకు జోడుజోడుగా తగిలించాడు. ఆ తరువాత తోట లోపలికి వెళ్ళి, దాన్ని తెచ్చాడు.

అది పనసపండు. కంటకకవచధారి, స్థూలకాయుడు, సుగంధభీకరుడు, ఉద్దానపు ఫలసంతతికి సార్వభౌముడు! ఇరవై కిలోలకు ఒక్క గ్రాము తగ్గదు. తిరుపతిరావు దాన్ని నేల మీద దించేసరికి దుమ్ము లేచింది.

"ఓరి నాయనా! సైకిలు మీద ఎలాగురా?" అన్నారు మేష్టారు. "ఎల్లుండి సోమవారం తిరిగొచ్చినప్పుడు తీసుకెల్తాం."

"సోమారం ఇంకోటి ఇత్తాను. ఇది ఇయ్యాలది."

"నేను కట్టుకుంటానండి," ఫిన్నీ ముందుకు ఉరికాడు. "నా కేరీరు కాళీగానే ఉంది."

ఆ మాటకు తోట అంతా స్తంభించింది. మహాలక్ష్మి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తిరుపతిరావు స్నేహితుణ్ణి చూశాడు. ఆ చూపులో, కొత్తల్లుడి చేత మోయించే స్థితికి వచ్చేవేటిరా, అన్న ప్రశ్న ముళ్ళతో సహా ఉంది. మేష్టారు పనసపండును తానే ఎత్తబోయి, మొదటిసారి ఎత్తలేక, రెండోసారి "ప్రభువా" అని ఎత్తి, తన కేరియరు మీద జీడిపప్పు డబ్బా పక్కన ఒక వైపుకి పెట్టి తాడు చుట్టారు.

"మావయ్యా, బరువంతా ఒక పక్కకి పడతంది. మధ్యకి జరిపి..."

"మీరలా నీడన నిల్చోండి బాబూ. ఇవన్నీ మీకు తెలీవు."

వీరుడు నీడన నిల్చున్నాడు. 

తోట దాటాక దారి లేదు, ఇసుక ఉంది. మిట్టమధ్యాహ్నం అయింది. సముద్రం ఇంకా కనబడలేదు గానీ దాని శ్వాస మాత్రం ఎదురొచ్చి చొక్కాలను తెరచాపల్లా నింపి, ఇద్దరినీ వెనక్కి తోసింది. పైన జ్వలించే ఆకాశం, కింద కాలే సైకతం, ఎదుట ప్రభంజనం, ఈ మూడు శత్రుసేనల నడుమ చక్రాలు పిక్క లోతున దిగబడ్డాయి. ఇద్దరూ దిగి నడిపించడం మొదలుపెట్టారు. ఫిన్నీ వాహనం సరసరా సాగిపోతోంది. వెనుక మామగారి ఆయాసం, కొబ్బరికాయల ఘర్షణ, పుంజు విలాపం, ఇసుక కిర్రుమనడం వినిపిస్తున్నాయి. ఫిన్నీ ఆగితే ఆయన ఆగుతున్నారు. తిరిగి చూస్తే ఆయన నవ్వుతున్నారు. ఆ నవ్వు భయంకరంగా ఉంది.

అంతలో ధనధనధ్వానం పుట్టింది.

తిరిగి చూసేసరికి సైకిలు లేదు, మామగారు లేరు, ఒక చిన్న ఇసుకమేఘం ఉంది. మేఘం విడిపోయాక, పనసపండు ఒరిగిన వైపే సైకిలు ఒరిగి, దాని వెంట మేష్టారు ఒరిగి, కొబ్బరి జంటలు నలుదిక్కులకూ దొర్లి, పుంజు చాలాసేపటికి మొదటిసారి తలపైకెత్తి విస్మయంగా చూస్తూ కనబడ్డాయి. మేష్టారు ఇసుకలో కూర్చుని కుడి మోకాలు రెండు చేతులా పట్టుకుని ఉన్నారు.

ఫిన్నీ పచ్చసైకిలు వదిలేసి పరుగెత్తాడు. ఆయన్ను లేవదీసి కూర్చోబెట్టాడు. కాలు చూశాడు. విరగలేదు, గీరుకుంది. అప్పుడు లేచి, వంగి, పనసపండును రెండు చేతులా పొట్టకి హత్తుకుని నిలబడ్డాడు.

"దించండి," అన్నారు మేష్టారు.

"దించనండి."

"అల్లుడుగారూ, దించండి."

"దించనండి మావయ్యా."

మేష్టారికి ఆవేశం వచ్చింది. ఇసుకలో కూర్చునే, చూపుడువేలు ఆకాశానికి ఎత్తారు.

"సముద్రము చెలియలికట్ట దాటినను, మహేంద్రగిరి శిఖరము నేలకొరిగినను, ఉద్దానమునందలి చెట్లన్నియు ఒక్కుమ్మడిగా మోడువారినను, క్రొత్త అల్లుని కరములయందు భారమునుంచుట మా వంశమున ఇంతవరకును జరుగలేదు! నా కంఠమున ప్రాణముండగా ఇకముందును జరుగబోదు!... కొంచెం ఆ నీళ్ళ సీసా ఇలా ఇయ్యండి, గొంతుకెండిపోయింది."

ఫిన్నీ పనసపండును ఒక చంకకి మార్చి, రెండో చేత్తో ఇసుకలో దొర్లిన సీసా అందించాడు. ఆయన తాగేదాకా ఆగాడు. అతని మనసులో కూడా ఒక మహోపన్యాసం సిద్ధంగా ఉంది, మూడు నెలల సమాసాలతో. నోరు తెరిచేసరికి అవన్నీ ఎటో పోయాయి.

"మూడు నెల్లండి మావయ్యా. మూడు నెల్లనుంచి మీ ఇంట్లో కూకోడం, తినడం, అంతే. గ్యాసు బండ మీరు మోసేరు, నాను పేపరు సదివేను. ఎంత సిగ్గేసిందో తెలుసాండి? సుట్టమొస్తే కూడా మంచమైనా వాల్చమంతారు గదా!"

"మీరు సుట్టమేటి? సుట్టం కాదు గనకే మర్యాద!"

"సుట్టాన్ని కాకపోతే మొయ్యనియ్యండి మరి."

గాలి వీచింది. పుంజు ఏదో అనబోయి మానుకుంది. సత్యానందం మేష్టారు సీసా మూత బిగించి, విప్పి, మళ్ళీ బిగించారు. చివరికి గొంతు తగ్గించి, "అది కాదు బాబూ. అలవాటు లేని సేతులు. వ్యాపారస్తుల బిడ్డ మీరు. మావాళ్ళ దగ్గరికి తెచ్చి మొయ్యించేనంటే..." అన్నారు.

"ఏం వ్యాపారమండి?"

"కూరగాయల వ్యాపారమని పెళ్ళిచూపుల్లో మధ్యవర్తి సెప్పేడు కదా. లారీలున్నాయనుకున్నాను."

ఫిన్నీ పనసపండును రెండో చంకకు మార్చాడు. తరువాత నవ్వాడు, మూడు నెలల్లో మొదటిసారి గట్టిగా.

"మా అమ్మ కోటబొమ్మాళి సంతలో వంకాయలమ్మీదండి. నా డిగ్రీ అయ్యేదాకా బుట్టలు నేనే తోలీవోణ్ణి. లారీ కాదండి మావయ్యా, సైకిలే. ఒక్క ట్రిప్పుకి నాలుగు బుట్టలు."

"ముందే సెప్పొచ్చు కదా!"

"ఏదో పట్టుకుందామని లెగిత్తే పేపరిత్తన్నారు. ఎప్పుడు సెప్పమంతారు?"

మేష్టారు పక్కకు జరిగి చోటిచ్చారు. అల్లుడు పని మొదలుపెట్టాడు. ఆహా, ఆ హస్తలాఘవాన్ని ఏమని వర్ణించడం! తాడు విప్పాడు. పోలారావు సైకిలు హేండిలుకు చుట్టి ఉన్న పాత ట్యూబు ముక్కను లాగి చూసి, పనికొస్తుందన్నాడు. పచ్చసైకిలు కేరియరు మీద పనసపండును అడ్డంగా గాక నిలువుగా పరుండబెట్టి, మెడ వైపు సీటు కిందికి తోసి, ట్యూబును పైనుంచి ఒకసారి, కిందనుంచి ఒకసారి లాగి, కొస దూర్చి బిగించాడు. రెండు పక్కలా మూడేసి కొబ్బరి జంటలు వేసి సరితూచాడు. డబ్బా హేండిలుకు తగిలించాడు. సైకిలును అటూ ఇటూ ఊపాడు. పనసపండు గర్భిణిలా నిబ్బరంగా ఉంది, కదల్లేదు.

"ఈ ముడి ఎలాగేసేరు?" మేష్టారు కుతూహలం ఆపుకోలేక అడిగారు.

"రాత్రికి నేర్పుతానండి."

"సరే. కానీ ఒక మాట. ఊరి మొగ దాకానే. అక్కడ మళ్ళీ నా బండికి మార్చేయాల. మా అక్క ఊరు. నా మాట పోతాది."

"అలాగేనండి," అన్నాడు ఫిన్నీ. అర్ధవిజయమైనా విజయమే.

నడిచారు. మామగారి సైకిలు మీద ఇప్పుడు పుంజు ఒక్కటే ఉంది, దాన్ని కూడా సీటు మీద కూర్చోబెట్టి తోస్తూ కుంటుకుంటూ వచ్చారు. ముందు నడవమని ఈసారి ఆయన అల్లుణ్ణి అనలేదు. పక్కపక్కనే నడిచారు. వంకాయ బుట్టకి అడుగున ఏం వేస్తారని అడిగారు. తడిగుడ్డని ఫిన్నీ చెప్పాడు. వానాకాలంలో ఎలాగని అడిగారు. వానాకాలంలో తడిసిన బుట్టతో బురదలో పడ్డ సంగతి అతడు చెబితే, మేష్టారు తానూ ఓ వానాకాలంలో హాజరు పట్టీతో సహా కాలవలో పడ్డ సంగతి చెప్పారు. కొబ్బరిచెట్ల మొదళ్ళ నడుమ నీలిగీత ఒకటి మెరిసింది. సముద్రం.

అక్కుపల్లి ఊరిమొగ వచ్చింది. తాటాకు పాక నీడలో ఏడెనిమిదిమంది మగాళ్ళు వలలు ముందేసుకుని చిరుగులు అల్లుతున్నారు. గుమ్మాల్లో ఆడవాళ్ళు. అందరి కళ్ళూ ఒక్కసారి ఇటు తిరిగాయి. ఫిన్నీ మాట తప్పేవాడు కాదు. ఆగి, సైకిలుకు స్టాండు వేసి, ట్యూబు ముడి మీద చెయ్యి వేశాడు.

సత్యానందం మేష్టారు ఊరివైపు చూశారు. మూడు వందల గజాల దూరంలో అక్కగారి ఇల్లు. ఈ మూడు వందల గజాల్లో ఆయనకు తెలియని మనిషి లేదు, ఆయన్ను ఎరగని కన్ను లేదు. తరువాత, ముడి విప్పబోతున్న వేళ్ళ వైపు చూశారు. వీరాధివీరుల చరిత్రలో నిర్ణయాలు క్షణంలో జరుగుతాయి. ఇది అయిదారు క్షణాలు పట్టింది.

"ఉండనీ," అన్నారు.

"అండీ?"

"ఉండనీరా. మళ్ళీ ఎక్కడ కడతాం, బాగా కుదిరింది."

ఆపైన సైకిలును పాకకు ఆనించి, చొక్కాకంటిన ఇసుక దులుపుకుని, పుంజును చంకనబెట్టుకుని, కుంటుతూనే తానే ముందు నడిచి, సంఘమంతా వినేలా పాటలెత్తే ఆ గొంతును పూర్తిగా విప్పారు.

"జరగండి, జరగండి! ఆ వల కొంచెం తీయండి! మావోడు బరువుతో వత్తన్నాడు!"

వలలు తొలగాయి. దారి విచ్చుకుంది. తెల్లచొక్కా ఇసుకరంగుకు మారిన ఆ వీరుడు, హేండిలు గట్టిగా పట్టుకుని, కండలు బిగించి, తల పైకెత్తి, ఇరవై కిలోల పనసపండుతో, పన్నెండు కొబ్బరికాయలతో, రెండు కిలోల జీడిపప్పుతో, అక్కుపల్లి నడివీధిని జయించుకుంటూ నడిచాడు. "కొత్తల్లుడేనేటి?" అని ఒక గొంతు. "మొయ్యడం బాగా వచ్చు కుర్రోడికి," అని ఇంకో గొంతు. ఏ భేరీమృదంగధ్వనీ అతనికి అంత మధురంగా వినిపించలేదు.

విజయమ్మ కర్ర పట్టుకుని అరుగు దిగి వచ్చింది. సైకిలును చూసింది. చంకన పుంజు తప్ప ఏ బరువూ లేకుండా వస్తున్న తమ్ముణ్ణి చూసింది.

"ఓలమ్మో! ఒరే సత్యం, కొత్తల్లుడి సేత పనసపండు మొయ్యిత్తావేట్రా? నలుగురూ సూత్తే ఏటనుకుంతారు?"

"నలుగురూ సూడాలనే కదే అక్కా," అన్నారు మేష్టారు, మోకాలు పట్టుకుని అరుగు మీద కూలబడుతూ.

ఆమె తమ్ముడి ముఖంలోకి ఒకసారి, అల్లుడి ముఖంలోకి ఒకసారి పరీక్షగా చూసింది. డెబ్బై ఏళ్ళ ఆ కళ్ళకు ఇంకేమీ చెప్పనక్కర్లేకపోయింది.

"కొయ్యడం వచ్చేటి బావూ?"

"వచ్చునండి పెద్దమ్మా."

"అయితే నిలబడ్డావేటి? వంటింట్లో కత్తి ఉంది, తెచ్చుకో. సేతులకి నూనె రాసుకోవడం మరిసిపోకు."

ఫిన్నీ వంటింట్లోకి వెళ్ళాడు. అతనికి ఎవరూ అడ్డం రాలేదు. ఎవరూ పేపరు ఇవ్వలేదు. ఆ సంతోషంలో నూనె సంగతి మరిచిపోయాడు.

కావున ఓ సుజనులారా, ఆ వేసవి శనివారం మధ్యాహ్నం రెండు గంటల వేళ, తూర్పు సముద్రతీరాన, మూడు వందల గజాల మేర, పదిమందీ చూస్తుండగా, ఒక అల్లుడు ఒక పనసపండును మోసి గెలిచాడని దిక్కులన్నిటికీ తెలియజేయడమైనది. ఆ జయానికి గుర్తుగా అతని పదివేళ్ళకూ పట్టిన బంక, విజయమ్మ కిరసనాయిలు పోసి రుద్దినా, లిల్లీ కొబ్బరినూనె పోసి రుద్దినా, బుధవారం దాకా వదల్లేదు. బుధవారం నాడు ఆఫీసులో కంప్యూటరు మీట ఒకటి వేలికి అతుక్కుని ఊడి వస్తే, తోటి ఉద్యోగులు ఏమిటిదని అడిగారు.

"మా ఇంట్లో పనండి," అన్నాడు ఫిన్నీ, వేలు పైకెత్తి అందరికీ చూపిస్తూ.